బర్మింగ్‌హామ్ బిల్లు ఎవరు కడుతున్నారు?

మా సంఘంలోని ఒక తల్లి 2025 వసంతంలో కూతురి పురుడుకని ఇంగ్లండు వెళ్ళి, మూడు నెలలుండి వచ్చారు. వచ్చిన వారమే ఆరాధన అయ్యాక కృతజ్ఞత కానుక చేతికిచ్చి, నవ్వుతూ ఒక మాట అన్నారు. "అయ్యగారూ, అంత దూరం విమానమెక్కి వెళ్ళి చూసింది చెత్త. మన పేటలో కూడా అంత పేరుకోదు. గుమ్మాల ముందు నల్ల సంచుల గుట్టలు, పట్టపగలే ఎలుకలు. పోనీ పిల్లదాన్ని బండిలో కూర్చోబెట్టుకుని లైబ్రరీకి పోదామంటే, ఆ రోజు తెరవరట."

ఆమె వెళ్ళిన ఊరు బర్మింగ్‌హామ్. లండన్ తరువాత ఆ దేశంలో అతి పెద్ద నగరం. 2021 జనాభా లెక్కల ప్రకారం 11 లక్షల 40 వేలకు పైగా మనుషులు. విదేశమంటే అన్నీ సక్రమంగా జరిగిపోయే చోటని నమ్మే మనకు ఆమె మాటలు వింతగానే ఉంటాయి. కానీ ఆ చెత్తకూ, ఆ మూసిన లైబ్రరీ తలుపుకూ మూలం ఒక్కటే. అక్కడ మన నగరపాలక సంస్థ స్థానంలో ఉండే సిటీ కౌన్సిల్ 2023 సెప్టెంబరు 5న చేతులెత్తేసింది. 1988 నాటి స్థానిక ప్రభుత్వ ఆర్థిక చట్టంలోని 114వ సెక్షన్ కింద నోటీసు జారీ చేసింది. పత్రికలు దీన్ని దివాలా అన్నాయి. నిజానికి అక్కడి చట్టం ప్రకారం కౌన్సిల్ దివాలా తీయదు. ఆ నోటీసుకు అర్థం, వచ్చే రాబడితో పెట్టాల్సిన ఖర్చు గట్టెక్కదు కాబట్టి చట్టం తప్పనిసరి చేసిన పనులకు తప్ప కొత్తగా ఒక్క పౌండు కూడా ఖర్చు పెట్టరాదని. నెల రోజులకు లండన్ ప్రభుత్వం కమిషనర్లను పంపింది.

బర్మింగ్‌హామ్ ఒక్కటే అయితే అసమర్థత అని సరిపెట్టుకోవచ్చు. 2018లో నార్తాంప్టన్‌షైర్, 2020లో క్రాయిడన్, 2021లో స్లౌ, 2022లో థరక్, 2023లో వోకింగ్, నాటింగ్‌హామ్ కూడా ఇలాంటి నోటీసులే ఇచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో కారణం. కొన్ని అప్పు చేసి భవనాల మీద పెట్టాయి, కొన్ని వ్యాపారాల్లో చేయి కాల్చుకున్నాయి. అందరి కింద ఉన్న నేల మాత్రం ఒకటే. 2010 తరువాత లండన్ నుంచి స్థానిక సంస్థలకు వచ్చే నిధులు ఏడెనిమిదేళ్ళలోనే, ధరల పెరుగుదల లెక్కలోకి తీసుకుంటే, దాదాపు సగానికి పడిపోయాయి.

2024 మార్చిలో బర్మింగ్‌హామ్ కౌన్సిల్ ఆమోదించిన బడ్జెట్ రెండేళ్ళలో 30 కోట్ల పౌండ్ల కోతలు ప్రకటించింది. ఆ సంవత్సరం ఇంటి పన్ను దాదాపు 10 శాతం పెరిగింది, మరుసటి ఏడు మరో ఏడున్నర శాతం. సంగీతం, నాటకం, చిత్రకళల సంస్థలకిచ్చే సహాయం మొదటి ఏడు సగానికి, రెండో ఏడు సున్నాకు దింపాలని నిర్ణయించారు. యువజన సేవలకు కోత పడింది. వీధి దీపాల వెలుగు తగ్గించే ఆలోచన వచ్చింది. పేటల్లోని లైబ్రరీల వేళలు కుదించారు. సొంత ఆస్తులు అమ్మి అప్పులు తీర్చుకోవడానికి ప్రభుత్వం అనుమతినిచ్చింది. 125 కోట్ల పౌండ్లకు పైబడిన ఆ వెసులుబాటును సహాయం అన్నారు. ఇల్లమ్ముకుని బాకీ తీర్చుకో, మేం అడ్డురాం అనడాన్ని మన పల్లెల్లో ఏమంటారో పాఠకులకు తెలుసు.

ఇంతకీ ఇక్కడిదాకా ఎందుకొచ్చింది? అక్కడి టీ కొట్టులో అడిగినా, ఇక్కడ వాట్సాప్‌లో అడిగినా ఎక్కువగా వినబడే జవాబు, "ఆడవాళ్ళు సమాన జీతం కేసులు వేసి ఊరిని ముంచారు" అని. ఈ మాట దగ్గర కాస్త ఆగాలి.

స్త్రీ పురుషులకు సమాన వేతనమివ్వాలన్న చట్టం బ్రిటన్‌లో 1970లో వచ్చింది. 1975 చివరి నుంచి అమల్లో ఉంది. బర్మింగ్‌హామ్ కౌన్సిల్‌లో బడి వంటావిడలు, ఊడ్చే వాళ్ళు, వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి స్నానం చేయించి అన్నం పెట్టే సహాయకులు ఎక్కువగా స్త్రీలు. చెత్త ఎత్తేవారు, వీధులు శుభ్రం చేసేవారు, సమాధులు తవ్వేవారు ఎక్కువగా పురుషులు. సమాన విలువ గల పనులని ఒప్పుకుంటూనే పురుషుల పనులకు బోనస్‌లు ఇచ్చారు, స్త్రీల పనులకు ఇవ్వలేదు. ఈ తేడాలు సరిచేయాలని దేశవ్యాప్తంగా 1997లో కౌన్సిళ్ళకూ యూనియన్లకూ ఒప్పందం కుదిరింది. బర్మింగ్‌హామ్ దాన్ని అమలులో పెట్టడానికి దశాబ్దం పట్టింది. అప్పటికే పని మానేసిన 174 మంది బాకీ అడిగితే, గడువు దాటిపోయింది, ట్రైబ్యునల్‌కు ఆరు నెలల్లో రావాల్సింది అని కౌన్సిల్ వాదించింది. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. 2012 అక్టోబరులో ఆ కోర్టు వారి పక్షాన తీర్పునిచ్చింది. మామూలు సివిల్ కోర్టులో ఆరేళ్ళలోపు దావా వేసుకోవచ్చని.

ఆ తరువాత దశాబ్దంలో కౌన్సిల్ ఈ బాకీల కింద దాదాపు 110 కోట్ల పౌండ్లు చెల్లించింది. అందుకోసమే 2015లో నగరానికి పేరు తెచ్చిన ఎగ్జిబిషన్ సెంటర్ వ్యాపారాన్ని 30 కోట్ల పౌండ్లకు పైగా ధరకు అమ్మింది. అంతటితో బుద్ధి రావాలి కదా. రాలేదు. చెత్త బండ్లవారు తమ వంతు వీధులు ముగించుకుని తొందరగా ఇంటికి పోయినా పూర్తి వేళలకు జీతమిచ్చే పద్ధతి నడుస్తూనే ఉంది. ఇళ్ళకు వెళ్ళి ముసలివారిని చూసే ఆవిడకు అలాంటి సౌకర్యం లేదు. ఆమె తొందరగా ముగించుకుంటే మరో ఇల్లు అప్పజెప్తారు. కాబట్టి బాకీ మళ్ళీ పెరిగింది. 2023లో ఆ కొత్త బాకీ 65 నుంచి 76 కోట్ల పౌండ్ల దాకా ఉండవచ్చని కౌన్సిల్ ప్రకటించింది. ఆ అంకె పెంచి వేశారని వాదించిన పరిశోధకులూ ఉన్నారు. అదే సమయంలో ఖాతాల కోసం ఒరాకిల్ కంప్యూటర్ వ్యవస్థ పెట్టుకుంటే, దాదాపు 2 కోట్లతో అయిపోతుందనుకున్నది 10 కోట్ల పౌండ్ల దిశగా పోయింది. పైగా సరిగా పనిచేయక, ఎవరు ఎంత కట్టారో తేల్చుకోలేని స్థితి. ఈ కంప్యూటర్ కథను ఎవరూ "ఇంజినీర్లు ఊరిని ముంచారు" అని చెప్పరు. గమనించారా?

కూలి ఎగవేత గురించి యాకోబు పత్రిక అయిదో అధ్యాయం మీద ప్రసంగాలు చేసిన వాళ్ళం మనం. అక్కడ దోషం కూలి అడిగినవాడిదని ఏ సేవకుడూ చెప్పగా నేను వినలేదు.

ఇక ఆ బిల్లు ఎవరి మీద పడిందో చూడండి. వృద్ధుల సంరక్షణ, ఆపదలో ఉన్న పిల్లల రక్షణ చట్టం కౌన్సిల్ మీద మోపిన బాధ్యతలు. ఆ ఖర్చు ఏటా పెరిగేదే, దాన్ని కోయడం కష్టం. చట్టం మాట వరసకు అడిగి, కొలత చెప్పకుండా వదిలేసినవి కొన్ని ఉంటాయి. లైబ్రరీ ఉండాలంటుంది, వారానికి ఎన్ని గంటలు తెరవాలో చెప్పదు. పార్కు, నాటకం అసలే ఐచ్ఛికం. కత్తెర మెత్తగా ఉన్నచోటే ఆడుతుంది. ఐచ్ఛికమని రాసుకున్నవే మనుషులు డబ్బు కట్టకుండా ఒకరినొకరు కలుసుకునే చోట్లు. పసిబిడ్డ తల్లి మరో పసిబిడ్డ తల్లిని కలిసేది లైబ్రరీ కథల గంటలో. చలికాలంలో ఇంట్లో హీటరు వేసుకోలేని ముసలాయన పేపరు చదువుతూ కూర్చునేదీ అక్కడే. బడి వదిలాక ఇల్లు ఖాళీగా ఉండే కుర్రాడికి యూత్ క్లబ్బు తలుపు. పాతికేళ్ళు బడిలో వండి, కోర్టుకెక్కి బాకీ రాబట్టుకున్న ఆవిడ మనవడు ఆ కుర్రాడే కావచ్చు. ఒక చేత్తో ఇచ్చింది మరో చేత్తో తీసుకున్నట్టయింది.

మా సంఘం తల్లి చూసిన చెత్త కూడా ఈ లెక్కలోదే. 2017లో ఒక సమ్మె జరిగినప్పుడు రాజీలో భాగంగా చెత్త బండ్ల మీద ఒక ప్రత్యేక ఉద్యోగం నిలిచింది. అది కొనసాగితే మళ్ళీ సమాన వేతనం కేసులు వస్తాయని కౌన్సిల్ ఇప్పుడు దాన్ని తీసేసింది. కొందరికి ఏటా 8,000 పౌండ్ల దాకా నష్టమని యూనైట్ యూనియన్ అంటుంది, ఆ లెక్కను కౌన్సిల్ ఒప్పుకోదు. 2025 మార్చి 11 నుంచి నిరవధిక సమ్మె. ఆ నెలాఖరుకు 17,000 టన్నుల చెత్త వీధుల్లో పేరుకుంది, పెద్ద ప్రమాద స్థితి ప్రకటించారు. ఏడాది ముగిసినా సమ్మె ముగియలేదు. కారున్నవాళ్ళు సంచులు డిక్కీలో వేసుకుని డిపోకు తోలుకెళ్ళారు. ఇరుకు వీధుల్లో ఆనుకుని ఇళ్ళుండే స్మాల్ హీత్, స్పార్క్‌హిల్ వంటి పేటల్లో కారులేని వాళ్ళ సంచులు గుమ్మం ముందే ఉండిపోయాయి. జీతం కోసిన చెత్త కార్మికుడి మీద నాకు కోపం లేదు. వంటావిడకు పెంచి సమానం చేయాల్సింది, ఇన్నేళ్ళు ఆలస్యం చేసి చివరికి ఇతనికి తగ్గించి సమానం చేస్తున్నారు. ఇద్దరు పేదలను ఎదురెదురు నిలబెట్టడం కన్నా తేలిక పని లేదు.

ఈ నగరానికే ఇది జరగడంలో ఒక విషాదం ఉంది. సెమినరీలో సంఘ చరిత్ర చదివే రోజుల్లో ఆర్. డబ్ల్యు. డేల్ పేరు క్రీస్తు ప్రాయశ్చిత్తం మీద రాసిన వేదాంతిగానే విన్నాను. ఆయన బర్మింగ్‌హామ్ కార్స్ లేన్ సంఘ కాపరి. ఆయనా, ఆయనకు ముందు జార్జ్ డాసన్ అనే బోధకుడూ ఆ ఊరి పులపిట్ల మీద నుంచి చెప్పింది వేరే ఉంది. మురుగు కాలువ, మంచినీళ్ళు, లైబ్రరీ భక్తికి బయటి సంగతులు కావు, నగర పాలన కూడా పరిశుద్ధమైన పనే అన్నారు. దానికి సివిక్ గాస్పెల్ అని పేరు, పౌర సువార్త అనుకోండి. 1866లో నగర రిఫరెన్స్ లైబ్రరీ తెరిచినప్పుడు ప్రసంగించింది డాసనే. 1873 నుంచి 1876 దాకా మేయరుగా ఉన్న జోసెఫ్ చేంబర్లేన్ గ్యాసు కంపెనీలను, నీళ్ళ కంపెనీని కొని ఊరి సొత్తు చేశాడు. గ్యాసు మీద వచ్చిన లాభంతో 1885లో మ్యూజియం, చిత్రశాల తెరిచారు. తరువాత గ్యాసు 1948-49లో జాతీయమై, నీళ్ళు 1974లో ప్రాంతీయ సంస్థకు పోయి, చివరికి రెండూ ప్రైవేటు చేతుల్లో పడ్డాయి. ఊరికి మిగిలింది ఇంటి పన్ను. దాన్ని ఇప్పటికీ 1991 నాటి ఇంటి విలువల మీదే వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో ఎక్కువ ఇళ్ళు దిగువ శ్రేణులవే కాబట్టి, పది శాతం పెంచినా ధనిక పట్టణంలో వచ్చినంత రాదు.

ఇప్పుడు సంఘాలను సాయానికి పిలుస్తున్నారు. చలికాలంలో హాలు తెరిచి టీ ఇవ్వండి, ఫుడ్ బ్యాంకు నడపండి, వీలైతే లైబ్రరీ కూడా తీసుకోండి అని. అక్కడి సంఘాలు ఇవి చేస్తున్నాయి, చేయాలి కూడా. తలుపు తట్టినవాడితో బడ్జెట్ సిద్ధాంతం మాట్లాడే కాపరి కాపరి కాడు. అయినా నాకు ఒక జంకు ఉంది. కలిగినవాళ్ళుండే సటన్ కోల్డ్‌ఫీల్డ్‌లో స్థానికులు స్వచ్ఛంద సంస్థ పెట్టి తమ లైబ్రరీని నిలుపుకున్నారు. అలాంటి చోట రిటైరైన టీచర్లు, అకౌంటెంట్లు దొరుకుతారు, వాళ్ళకు తీరిక ఉంటుంది. రెండు షిఫ్టులు చేసే స్పార్క్‌హిల్ తల్లికి తీరిక ఎక్కడిది? స్వచ్ఛంద సేవ మీద వదిలేస్తే లైబ్రరీ అవసరం తక్కువ ఉన్నచోట మిగిలి, ఎక్కువ ఉన్నచోట పోతుంది. సంఘం ఆత్రంగా ముందుకొచ్చి ఖాళీని కప్పేస్తే, ఖాళీ చేసినవాళ్ళను అడిగేవారుండరు. డేల్ గారు తన సంఘస్థులను సూప్ గిన్నెతో ఆపలేదు, కౌన్సిల్‌కు పోటీ చేయమని పంపారు.

మన పిల్లలు ఈ కథకు బయట లేరు. యూనివర్సిటీలో చదివే విద్యార్థులు మాత్రమే ఉండే ఇంటికి ఆ పన్ను మినహాయింపు ఉంటుంది, అందుకే చాలామందికి ఆ సంగతే పట్టదు. చదువైపోయి ఉద్యోగంలో చేరిన నెల నుంచి బిల్లు వస్తుంది. 2022 నుంచి కేర్ వీసా మీద వెళ్ళినవారు చేసేది కూడా చాలావరకు కౌన్సిల్ డబ్బుతో ఏజెన్సీలు నడిపే పనే. కౌన్సిల్ రేటు బిగిస్తే ఇళ్ళకూ ఇళ్ళకూ మధ్య ప్రయాణం చేసే గంటలకు జీతం ఉంటుందా ఉండదా అన్నది వీరి ప్రశ్న అవుతుంది.

మా సంఘం తల్లి కూతురు ఆ మధ్య నాకు మెసేజ్ పెట్టింది. ఓటరు నమోదు కాగితం ఇంటికొచ్చిందట. "మనం ఇండియన్ పాస్‌పోర్టు వాళ్ళం కదా అయ్యగారూ, అవతల పారేయనా?" అని. పారేయవద్దమ్మా అని రాశాను. కామన్వెల్త్ దేశాల పౌరులు చెల్లుబాటయ్యే అనుమతితో అక్కడ నివసిస్తుంటే ఓటు వేయవచ్చు. కౌన్సిల్‌కు నాలుగేళ్ళకోసారి ఎన్నిక, 2022లో ఒకటి జరిగింది, దాని తరువాతిది 2026 మేలో. నింపి పంపానని, పోలింగ్ స్టేషన్ ఎక్కడ పడుతుందో చూడాలని జవాబిచ్చింది.