రాచబాటపై మందగతి బండ్లు

బ్యాటరీ బండి కొనుటకు అప్పు దొరకునా యని ఈ నడుమ పలువురు సభ్యులు మమ్ము అడుగుచున్నారు. ఎడ్లను మేపలేక అమ్మివేసినవారు, ట్రాక్టరు బాడుగ భరింపలేనివారు చేనినుండి ఊరికి, ఊరినుండి సంతకు నాలుగు మూటలు చేరవేసికొనుటకు ఇది చాలునని తలచుచున్నారు. ఇంతలోనే ఇట్టి బండ్లను పెద్ద రోడ్లపైకి రానీయరాదను మాటయు వినవచ్చుచున్నది. కార్లకును, లారీలకును ఇవి అడ్డమట. ప్రమాదములకు ఇవియే మూలమట. ఈ వాదములో సత్యమును కలదు, అన్యాయమును కలదు.

ఈ తగవు క్రొత్తది కాదు. ఇంగ్లండులో 1865 నాటి చట్టము, ఆవిరియంత్రపు బండ్లు పల్లెబాటలలో గంటకు 4 మైళ్లు, పట్టణములలో 2 మైళ్లు మించి పోరాదనియు, ముందొకడు ఎఱ్ఱజెండా పట్టి నడువవలెననియు విధించెను. నాడు గుఱ్ఱమునకు జడిసి యంత్రమును నిలిపిరి. నేడు యంత్రమునకై ఎడ్లబండిని దిగిపొమ్మనుచున్నారు! అమెరికాలో గాల్ఫ్ మైదానములలో తిరుగు చిన్న బండ్లు వీధులలోనికి రాగా, అచటి ప్రభుత్వము 1998లో గంటకు 20 మొదలు 25 మైళ్లు పోవు బండ్లను వేఱు తరగతిగా నేర్పఱచి, దీపములు, అద్దములు, నడుముపట్టీలు ఉండితీరవలెనని శాసించెను.

మన దేశమున ఢిల్లీ హైకోర్టు 2014 జూలైలో ఈ-రిక్షాలను నిలిపివేసెను. ఆ అక్టోబరులో నిబంధనలును, 2015లో మోటారు వాహనముల చట్టమునకు సవరణయు వచ్చినవి. వాని ప్రకారము సరకులు మోయు బ్యాటరీ బండి గంటకు 25 కిలోమీటర్లు మించరాదు. 310 కిలోలకంటె ఎక్కువ మోయరాదు. అనగా ఉల్లిగడ్డలు 50 కిలోల బస్తాలు ఆఱు. దానికి రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా కావలెను. 250 వాట్లకు లోబడి, 25 కిలోమీటర్ల వేగము దాటని చిన్న స్కూటరునకు ఇవి అక్కఱలేదు. కాని కొందఱు వర్తకులు వేగపు కట్టును విప్పి అమ్ముచున్నారు. కట్టు విప్పిన బండి చట్టము కంటికి మోటారు వాహనమే. బీమా లేక అది ఎవరినైన గ్రుద్దినచో నష్టపరిహారము బండివాని చేనిమీదికే వచ్చును.

ఇక సత్యమైన భాగము. రాత్రివేళ కారు గంటకు 90 కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నదనుకొనుడు. ముందు మన బండి 25 మీద పోవుచున్నది. ఆ రెంటి నడుమ దూరము సెకనుకు 18 మీటర్ల చొప్పున తఱుగును. దించిన దీపపు వెలుగులో 50 మీటర్ల దూరమున బండి కనబడినచో డ్రైవరునకు మిగులునది మూడు సెకనులైనను కాదు. వెనుక ఎఱ్ఱని మెఱుపుబిళ్ల యుండి, అది 200 మీటర్లనుండి తళుక్కుమన్నచో పదునొకండు సెకనులు చిక్కును. కొన్ని రూపాయల బిళ్లకు ఇంత వ్యత్యాసము! దీపము లేని ట్రాలీని రోడ్డుప్రక్క నిలిపి టీ త్రాగబోవు మనవారిని మేమును మందలించితిమి, వినినవారు కొందఱే.

అన్యాయమైన భాగము రోడ్డు తీరులో నున్నది. కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోవు 40వ జాతీయ రహదారి నాలుగు వరుసలైనది. నడుమ గట్టు వేసిరి. చేను ఆవలి ప్రక్క నున్నవాడు గట్టు తెఱపి దొరకువఱకు ఎంతో దూరము పోయి మరలి రావలెను. పసుపో శనగలో వేసికొని అంత చుట్టు తిరుగలేక ఎదురుదారిని పట్టుచున్నాడు. అది తప్పే; ఆ తప్పును మేము సమర్థింపము. కాని ఆ దారిని గీసినవాడు ఈ బండిని తలచుకొనెనా?

2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనలు ట్రాక్టర్లకు, ఎడ్లబండ్లకు, మూడు చక్రముల బండ్లకు టోలు వలదనినవి. ప్రక్కబాటయో, వేఱు దారియో ఉన్నచోట మాత్రమే అవి ప్రధాన మార్గముపైకి రారాదనియు చెప్పినవి. బెంగుళూరు–మైసూరు మార్గమున 2023 ఆగస్టు 1 నుండి ట్రాక్టర్లను, మూడు చక్రముల బండ్లను, మోటారు సైకిళ్లను ప్రధాన దారినుండి తొలగించిరి. అచట ప్రక్కబాటలు కలవు. మన జిల్లాలలోను అట్టి బాటలు ఊరూరికి తెగకుండ వేసినచో మేమే బండ్లను దించుకొందుము. బాట వేయక బండిని మాత్రము దిగుమనిన, పంట యార్డుకు ఎగిరి పోవునా?

కావున మా అభిప్రాయ మిది. చేలబాటలు, పంచాయతీ రోడ్లు, మార్కెట్టు యార్డులవఱకు తిరుగు బండ్లకు సంఘము అప్పు నీయవచ్చును. రిజిస్ట్రేషను, బీమా కాగితములు చూపి, వెనుక దీపమును మెఱుపుబిళ్లలను అమర్చిన పిదపనే సొమ్ము చేతికీయవలెను. వేగపు కట్టు విప్పించినవానినుండి బాకీ ఒక్కసారిగా వసూలు చేయు షరతును పత్రములో వ్రాయించవలెను. ఇది కొందఱికి కటువుగా తోచును, తోచనిండు. ప్రక్కబాటలు కోరుచు ఒక అర్జీని వచ్చు సర్వసభ్య సమావేశమున చదువుదుము. తమ ఊరివద్ద గట్టు తెఱపి ఎంత దూరమున నున్నదో, ఏ మలుపున బండ్లు ఎదురుదారి పట్టుచున్నవో సభ్యులు వ్రాసి తెచ్చినచో అర్జీకి జతపఱచెదము.