బాలింత ఇంటికి చుట్టపుచూపు

రంగనతిట్టు పేరు వినగానే మన హెబ్బగోడి పిల్లలు నవ్వుతారు. కన్నడములో తిట్టు అంటే మెరక, దిబ్బ. శ్రీరంగపట్టణము దగ్గర కావేరికి 17వ శతాబ్దిలో అడ్డకట్ట వేయగా ఏర్పడిన చెట్ల లంకలవి. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ చొరవతో 1940లో మైసూరు సంస్థానము వాటిని పక్షులకు రక్షితస్థలముగా ప్రకటించినది. 2022లో రాంసార్ జాబితాలోనూ చేరినవి.

శీతాకాలము మొదలు వేసవి దాకా ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, గూడబాతులు అక్కడ పిల్లలను చేసుకుంటవి.

“ఆ లంకలో గుడారము వేసి ఒక రాత్రి గడపరాదా?” అని మన యువకులు కొందరు మమ్ము అడిగినారు. కూడదు. పడవలోనుండి చూచి రావలసినదే. అలికిడికి తల్లి లేచిపోతే గుడ్లు ఎండకు మాడును, కూనలు కాకులపాలగును. కృష్ణరాజసాగరము తలుపులు ఎత్తిన ఏడు లంకలు ఎటూ మునుగుచునే ఉన్నవి. ఆ కష్టమునకు మన కష్టము తోడు చేయనేల?

గుడారపు సరదా తీరవలెనంటే అదే కావేరి గట్టున భీమేశ్వరి శిబిరమున్నది. బాలింత ఉన్న గదిలోనికి చుట్టములు తోసుకొనిపోరు గదా! గుమ్మము వద్దనే పలకరించి వచ్చుట మన ఇండ్లలో మర్యాద. పక్షులకూ అదే మర్యాద చేయుదము.