తుపాకీ ఇచ్చారు, పోలీసు ఉద్యోగం ఇవ్వలేదు

2025 ఆగస్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థి కాగానే సల్వా జుడుం తీర్పు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఆ తీర్పుతో ఆయన నక్సలిజానికి సాయం చేశారని కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఆరోపించారు. చర్చంతా ఆ ఆరోపణ చుట్టూనే తిరిగింది. తీర్పులోని ఆదివాసీ కుర్రాళ్ల గురించి అడిగినవాళ్లు తక్కువ. మేం మాట్లాడాలనుకుంటున్నది వాళ్ల గురించే.

పోలీసులకు తోడుగా పోలీసులు కానివాళ్లను పెట్టుకోవడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2002 చట్టంతో కమ్యూనిటీ సపోర్ట్ ఆఫీసర్లు వచ్చారు. యూనిఫాం ఉంటుంది, జీతం ఉంటుంది. కానిస్టేబుల్‌లా ప్రమాణం చేయరు, అతనికున్న అరెస్టు అధికారం వీళ్లకు లేదు. కొన్ని సందర్భాల్లో మనిషిని అరగంట ఆపి ఉంచగలరు, ఆలోగా అసలు పోలీసు రావాలి. అధికారం తక్కువ, అందుకే ప్రాణాపాయం ఉన్న పనులూ వాళ్లకు అప్పగించరు.

బస్తర్‌లో లెక్క తిరగబడింది. అక్కడ స్పెషల్ పోలీస్ ఆఫీసర్లుగా తీసుకున్నది ఎక్కువగా ఆదివాసీ యువకులనే. ఐదో తరగతి పాసైతే ప్రాధాన్యం, రెండు నెలల శిక్షణ, నెలకు 3000 రూపాయల గౌరవ వేతనం. జీతం అనలేదు, గమనించండి. జీతమంటే సర్వీసు, పింఛను, హక్కులు అడుగుతారు కదా! చేతికి మాత్రం తుపాకీ ఇచ్చి, మావోయిస్టుల మీదికి ముందు వరుసలో పంపారు. 2011 నాటికి ఇలాంటివాళ్లు 6500 మంది. సొంత ఊళ్ల మీదికే వెళ్లినవాళ్లూ అందులో ఉన్నారు.

2011 జులై 5న జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం దీన్ని 14, 21 అధికరణాలకు విరుద్ధమని తేల్చింది. ఆ కుర్రాళ్లకూ, వాళ్ల తుపాకీకి ఎదురుపడే ఊరివాళ్లకూ ఇద్దరికీ అన్యాయమేనన్నది కోర్టు వాదన. తుపాకులు వెనక్కి తీసుకోమంది. విపత్తుల్లో సాయం, ట్రాఫిక్ నియంత్రణ లాంటి పనులకే వాళ్లను వాడుకోవచ్చంది. అంటే ఇంచుమించు ఆ ఇంగ్లండ్ నమూనాయే. ఇందులో నక్సలిజానికి చేసిన సాయం ఎక్కడుందో మాకైతే కనిపించలేదు.

ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఏం చేసింది? అదే ఏడాది సహాయక సాయుధ పోలీసు దళం పేరుతో చట్టం తెచ్చి, అర్హత ఉన్న ఎస్పీవోలను అందులోకి మార్చింది. పేరు మారింది, పని మారలేదు. దీనిపై వేసిన కోర్టు ధిక్కార పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 మేలో ముగించింది. శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదంది. న్యాయసూత్రంగా అది సబబే కావచ్చు. కానీ స్థానిక ఆదివాసీ యువకులూ లొంగిపోయిన మావోయిస్టులూ ఉన్న డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ ఈరోజుకీ ఆపరేషన్లలో ముందు నడుస్తోంది.

సల్వా జుడుం రోజుల్లో పారిపోయి వచ్చిన గొత్తికోయలు భద్రాచలం, ములుగు అడవుల్లో ఇప్పటికీ ఉన్నారు. తెలంగాణలో వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, పోడు పట్టా లేదు.