పరిశోధన అంటే రికార్డు నింపడమేనా?

తెలకపల్లి మండలంలో బైపీసీ చదివే అమ్మాయికి నర్సింగ్ డిగ్రీ అంటే మొన్నమొన్నటి దాకా హైదరాబాద్ బస్సెక్కడమో, ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టడమో. ఇప్పుడు లెక్క మారింది. 2022 నవంబర్ 15న రాష్ట్రంలో ఒకేరోజు మొదలైన ఎనిమిది ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో నాగర్‌కర్నూల్, వనపర్తి కూడా ఉన్నాయి. 2024లో గద్వాల వంతు వచ్చింది. మూడు జిల్లా కేంద్రాల్లోనూ సర్కారు నర్సింగ్ కాలేజీలు ఏర్పడ్డాయి. అన్నీ వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోనివే.

సీటు వచ్చాక ఇంట్లో నడిచే ముచ్చట మాత్రం రెండింటి చుట్టే. ఒకటి సర్కారు కొలువు, రెండోది జర్మనీ. తప్పు పట్టాల్సిందేమీ లేదు. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది నర్సింగ్ ఆఫీసర్లు నియామక పత్రాలు అందుకున్నారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. విదేశాలకు వెళ్లేవాళ్లకు టామ్‌కామ్ భాష నేర్పించి మరీ పంపుతోంది. అయితే సిలబస్‌లోనే ఉన్న మూడో దారి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అదే పరిశోధన, ప్రత్యేక శిక్షణ.

భారత నర్సింగ్ మండలి 2021లో బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్ పద్ధతిలోకి మార్చింది. ఏడో సెమిస్టర్‌లో నర్సింగ్ పరిశోధన, గణాంకాలు ఒక పూర్తి సబ్జెక్టు. విద్యార్థులు ఒక ప్రాజెక్టు కూడా చేయాలి. కాగితం మీద బాగానే ఉంది. ఆచరణలో ఏం జరుగుతుందో నర్సింగ్ చదివినవాళ్లను అడగండి, నవ్వుతారు. ‘ఫలానా విషయంపై ఫలానా గ్రామ మహిళల అవగాహన’ అని ఒక టైటిల్. పాఠం చెప్పకముందు ఒక ప్రశ్నపత్రం, చెప్పాక అదే ప్రశ్నపత్రం. మార్కులు పెరుగుతాయి. పెరగకేం చేస్తాయి? పోయినేటి సీనియర్ల రికార్డులో ఊరి పేరు మార్చితే సరిపోయే పనిని పరిశోధన అనలేం.

నిజానికి ప్రశ్నలు వెతుక్కుంటూ ఎక్కడికీ పోనక్కర్లేదు. పాలమూరు అంటేనే వలస. పని కోసం ముంబైకో పుణెకో వెళ్లిన గర్భిణికి అక్కడ ఎన్ని పరీక్షలు జరిగాయి, కాన్పుకు ఊరికి తిరిగొచ్చేసరికి ఆమె కార్డులో ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ మాత్రలు ఎంతమందికి ఇచ్చారన్నది రిజిస్టర్‌లో దొరుకుతుంది. ఎంతమంది మింగారు, మిగతావాళ్లు ఎందుకు పక్కన పెట్టారు అన్నది ఇంటింటికీ తిరిగితేనే తెలుస్తుంది. నల్లమలలోని చెంచు పెంటల్లో అయితే అడిగే పద్ధతి కూడా వేరుగా ఉండాలి. బీపీ మాత్రలు మధ్యలో ఆపేసిన వృద్ధుల లెక్క పల్లె దవాఖాన నర్సుకు తెలిసినంతగా నిపుణుల కమిటీకి తెలియదు. తెలుగులో, అదీ పాలమూరు యాసలో, కూర్చుని మాట్లాడగలగడమే ఇక్కడి విద్యార్థికి ఉన్న అసలు అర్హత.

నర్సులకు మంచి శిక్షణ ఇస్తే ఏమవుతుందో చూడాలంటే కాన్పుల సంగతి చూడండి. ఆ సర్వేలోనే తెలంగాణలో సిజేరియన్ కాన్పులు 60.7 శాతం. దేశంలో ఇంకెక్కడా ఇంత లేదు. దేశ సగటు 21.5. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం సరే, సర్కారు దవాఖానల్లోనూ 44.5 శాతం ఉంది. అంతకుముందే, 2017లో, రాష్ట్ర ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. సాధారణ కాన్పును మందులతో తొందరపెట్టకుండా, తల్లికి తోడుగా ఉండి నడిపించడం అందులో ప్రధానం. 2018 డిసెంబర్‌లో కేంద్రం దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. అంటే మన రాష్ట్రం ఒకడుగు ముందే ఉంది. అలా శిక్షణ పొందిన నర్సులు పనిచేసే చోట సిజేరియన్లు ఎంత తగ్గాయి, తగ్గకపోతే అడ్డమేమిటి? సొంత జిల్లా ఆస్పత్రి కాన్పుల రిజిస్టర్ ముందేసుకుని నర్సింగ్ విద్యార్థులు చేయగల పని ఇది.

చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులకు భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి స్వల్పకాలిక పరిశోధన స్టైపెండ్ ఇస్తోంది. ఆయుర్వేద విద్యార్థుల కోసం 2022లో ‘స్పార్క్’ అనే పథకం వచ్చింది, దాని కింద రూ.50 వేలు ఇస్తారు. అదే దవాఖానలో, అదే వార్డులో పనిచేసే నర్సింగ్ విద్యార్థికి ఆ స్థాయి పథకం లేదు. ఢిల్లీ కోసం ఎదురుచూడాల్సిన అవసరమూ లేదు. కాళోజీ విశ్వవిద్యాలయమే ఏటా జిల్లాకు రెండు మూడు ప్రాజెక్టులు ఎంచి బస్ చార్జీలు, జిరాక్సుల ఖర్చు భరించినా చాలు. పెద్ద బడ్జెట్ అడగడం లేదు.

దీంతో ఉద్యోగం వస్తుందా అని అడిగేవాళ్లకు జవాబుంది. ఎమ్మెస్సీ నర్సింగ్‌కు బీఎస్సీలో 55 శాతం మార్కులు, ఏడాది పని అనుభవం కావాలి. అందులో థీసిస్ తప్పనిసరి. బోధన వైపు వెళ్లాలంటే ఈ మెట్టు దాటాల్సిందే. కొత్త కాలేజీలన్నిటికీ టీచర్లు కావాలి మరి. పది మంది విద్యార్థులకు ఒక టీచర్ ఉండాలన్నది నర్సింగ్ మండలి నిబంధన. పీహెచ్‌డీ చేయాలనుకుంటే మండలి ఆధ్వర్యంలోనే జాతీయ కన్సార్షియం నడుస్తోంది. ఇక హైదరాబాద్‌లో ఔషధ ప్రయోగాలు జరిగే ఆస్పత్రులున్నాయి. 2020లో కోవాగ్జిన్ తొలి దశ ప్రయోగం జరిగిన కేంద్రాల్లో నిమ్స్ ఒకటి. వలంటీరుకు అన్నీ వివరించి సమ్మతి పత్రం తీసుకోవడం, వేళకు రక్తం తీయడం, చిన్న దుష్ప్రభావాన్నీ వదలకుండా నమోదు చేయడం లాంటి పనులకు రీసెర్చ్ నర్సులు కావాలి. జాతీయ పోషకాహార సంస్థ లాంటి చోట్ల ప్రాజెక్టు పోస్టులు పడుతుంటాయి. అవి తాత్కాలికమే, జీతం ప్రాజెక్టు ఉన్నంతకాలమే. అది తెలిసే వెళ్లాలి.

ఇప్పుడు ఐదో సెమిస్టర్‌లో ఉన్నవాళ్లకు ఒక్క మాట. కమ్యూనిటీ హెల్త్ సబ్జెక్టు మొదలయ్యేది అక్కడే, ఊళ్లలో తిరిగేదీ అప్పుడే. ప్రశ్న అప్పుడే నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. ఏడో సెమిస్టర్ వచ్చాక నైతిక కమిటీ ఆమోదం, దవాఖాన అనుమతి, తెలుగులో సమ్మతి పత్రం అన్నీ ఒకేసారి మీద పడతాయి. వారాలు గడిచిపోతాయి. అప్పుడు చేతికి అందేది పాత రికార్డే.