నవ్వించడం మానేశాక

హిప్-హాప్ అనగానే మన హాస్టల్లో చర్చ టుపాక్, ఎమినెమ్ దగ్గరే ఆగిపోతుంది. ‘ద ఫార్‌సైడ్’ పేరెత్తితే "ఎవర్రా వాళ్లు?" అంటారు. తెలిసిన ఒకరిద్దరు కూడా 1992 నాటి మొదటి ఆల్బమ్ గురించే చెప్తారు. తప్పు లేదు. లాస్ ఏంజెలెస్ అంతా గ్యాంగ్‌స్టా ర్యాప్‌తో ఊగిపోతున్న రోజుల్లో నలుగురు కుర్రాళ్లు తమ మీద తామే జోకులేసుకుంటూ పాడటం మామూలు ధైర్యం కాదు.

నా ఓటు మాత్రం 1995లో వచ్చిన ‘ల్యాబ్‌క్యాబిన్‌కాలిఫోర్నియా’కే. మళ్లీ నవ్విస్తారనుకున్నవాళ్లకి ఇది నచ్చలేదు. పేరొచ్చాక పట్టుకునే అలసట ఉంది ఇందులో. ‘రన్నిన్’ వినండి. చిన్నప్పుడు ఏడిపించినవాళ్ల నుంచి పారిపోయినవాడు ఇక పరిగెత్తనంటాడు. వెనకాల స్టాన్ గెట్జ్, లూయిజ్ బొన్ఫాల పాత రికార్డులోని గిటార్ ముక్క మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ఫస్టియర్‌లో నా యాసని వెక్కిరిస్తే నేనూ వాళ్లతో కలిసి నవ్వేసేవాణ్ని. అందుకే ఈ పాట దగ్గర ఆగిపోయాను.

ఆ బీట్ చేసింది డెట్రాయిట్ కుర్రాడు జే డీ. తర్వాత జె డిల్లాగా ప్రపంచానికి తెలిశాడు. ఆల్బమ్ వచ్చేనాటికి అతనికి 21 ఏళ్లు, అంటే మన ఫైనలియర్ వయసు! (మనం ఇంకా బ్యాక్‌లాగ్స్ లెక్కపెట్టుకుంటున్నాం.)

‘డ్రాప్’ వీడియో కూడా చూడండి. స్పైక్ జోన్జ్ తీశాడు. మాటల్ని తిరగేసి నేర్చుకుని, వెనక్కి నడుస్తూ నటించి, ఆ ఫిల్మునే మళ్లీ రివర్స్‌లో వేశారు.

ఈ ఆల్బమ్ తర్వాత ఫ్యాట్‌లిప్ గ్రూప్ వదిలేశాడు. ఆ నలుగురి జోరు మళ్లీ రాలేదు.

వింటే ఇయర్‌ఫోన్స్‌లోనే వినండి. మన రూమ్ స్పీకర్లో ఆ బేస్ వినపడదు.