ఖజానా ఇరాక్‌ది, తాళం న్యూయార్క్‌ది

ఇరాక్ చమురు అమ్మిన డబ్బు నేటికీ నేరుగా బాగ్దాద్ చేరదు. ముందు న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులోని ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి డాలర్లుగా ఇరాక్‌కు వెళుతుంది. ఈ ఏర్పాటుకు మూలం 2003 మే 22న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఆమోదించిన 1483వ తీర్మానం. ఇరాక్‌పై దండెత్తిన అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమణదారులుగా గుర్తిస్తూనే, చమురు రాబడిని వాటి ఆజమాయిషీలోని అభివృద్ధి నిధికి మళ్లించింది ఆ తీర్మానమే. ఆక్రమణ 2004 జూన్ 28న ముగిసిందని ప్రకటించారు. తర్వాత ఆ నిధి పేరు మారింది, లెక్కలు చూసేవారూ మారారు. ఖాతా మాత్రం ఊరు మారలేదు. 2020 జనవరిలో ఇరాన్ సేనాని సులేమానీని బాగ్దాద్ విమానాశ్రయం వద్ద అమెరికా డ్రోన్ దాడిలో చంపినప్పుడు, విదేశీ సేనలను సాగనంపాలని ఇరాక్ పార్లమెంటు తీర్మానించింది. వెంటనే అధ్యక్షుడు ట్రంప్ ఆంక్షలు తప్పవని బాహాటంగా బెదిరించారు. న్యూయార్క్ ఖాతాకు దారి మూసేస్తామన్న హెచ్చరిక కూడా బాగ్దాద్‌కు అందిందని అమెరికా పత్రికలే రాశాయి. విముక్తి చేశామని చెప్పిన దేశం మీద, పదిహేడేళ్ల తర్వాత కూడా ప్రయోగించగల ఆయుధం అది.

యుద్ధం గెలిచిన దేశం ఓడిన దేశాన్ని బాగుచేస్తానంటే నమ్మకూడదన్నది మా వాదన. మంచి ఉద్దేశాలున్న మనుషులు అమెరికా అధికార యంత్రాంగంలో లేరని కాదు. ఆక్రమించిన ప్రభుత్వం జవాబు చెప్పుకోవాల్సింది తన ఓటర్లకు. దాని ఆజ్ఞలను మోయాల్సింది ఓటు లేని పరాయి ప్రజలు. ఈ ఏర్పాటులో తప్పు చేసినవాడికి ఆ తప్పు ఖరీదు తెలియదు. ఇరాక్‌లో జరిగిందంతా దీనికి రుజువే.

2003 మే 12న ఆక్రమిత ఇరాక్ పాలకుడిగా అమెరికా పంపిన పాల్ బ్రెమర్ బాగ్దాద్‌లో దిగారు. నాలుగు రోజులకే మొదటి ఉత్తర్వు ఇచ్చారు: కూలిన నియంత సద్దాం హుస్సేన్ బాత్ పార్టీలో పై నాలుగు అంచెల సభ్యులందరికీ ప్రభుత్వ కొలువుల్లో చోటు లేదు. సద్దాం పాలనలో పదోన్నతికి పార్టీ సభ్యత్వం తప్పనిసరైన దేశమది. కాబట్టి హంతకులతో పాటు పాఠశాల ఉపాధ్యాయులు, వైద్యులు, నీటి సరఫరా ఇంజనీర్లు కూడా ఒక్క సంతకంతో వీధిన పడ్డారు. మే 23న రెండో ఉత్తర్వు సైన్యాన్నే రద్దు చేసింది. దాదాపు నాలుగు లక్షలమంది, ఆయుధాలు ఎక్కడ దాచారో తెలిసినవారు, జీతం లేకుండా ఇంటికి చేరారు. జీతాలడుగుతూ జూన్ 18న బాగ్దాద్‌లో గుమిగూడిన మాజీ సైనికులపై అమెరికా సేనలు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. నెలవారీ భృతి ప్రకటన వచ్చింది ఆ తర్వాతే. సద్దాం సైనిక నిఘా విభాగాల్లో పనిచేసినవారు పదేళ్ల తర్వాత ఐసిస్ ఉగ్రవాద ముఠా నాయకత్వంలో తేలారు. 2014 జూన్‌లో మోసుల్ ఆ ముఠా చేతికి చిక్కినప్పుడు, అమెరికా వందల కోట్ల డాలర్లు పోసి నిర్మించిన కొత్త ఇరాక్ సైన్యం తుపాకులు పారేసి పరుగెత్తింది.

ఇవన్నీ అమలులో దొర్లిన లోపాలనీ, పథకం సరైనదేననీ సమర్థకులు అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఈ మాట. ఏం జరగబోతోందో వాషింగ్టన్‌కు ముందే తెలుసు. అమెరికా విదేశాంగ శాఖ 2002లోనే ఇరాకీ ప్రవాస నిపుణులను కూర్చోబెట్టి, విద్యుత్తు నుంచి న్యాయస్థానాల దాకా సంపుటాల కొద్దీ నివేదికలు తయారుచేయించింది. యుద్ధానంతర బాధ్యత పెంటగన్ చేతికి పోగానే అవి అటకెక్కాయి. ఇరాక్‌ను అదుపులో ఉంచడానికి కొన్ని లక్షల సైన్యం కావాలని 2003 ఫిబ్రవరిలో సైన్యాధిపతి జనరల్ షిన్సెకీ సెనేట్ కమిటీ ముందు చెప్పారు. రక్షణ శాఖ ఉపమంత్రి వుల్ఫోవిట్జ్ రెండు రోజుల్లోనే ఆ అంచనాను కొట్టిపారేశారు; ఆ తర్వాత ఇరాక్ చమురు డబ్బే పునర్నిర్మాణ ఖర్చు భరిస్తుందన్న భరోసా ఇచ్చారు. నిజమైన లెక్క ముందే చెబితే అమెరికా పార్లమెంటులో, జనంలో ఆ యుద్ధానికి మద్దతు నిలిచేది కాదు. తక్కువ ఖర్చు, తక్కువ సైన్యం, త్వరలో తిరుగు ప్రయాణం అన్న అబద్ధం మీదే యుద్ధాన్ని అమ్మారు. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి చాలీచాలని సైన్యంతో వెళ్లారు. బాగ్దాద్ జాతీయ మ్యూజియం నుంచి దాదాపు 15 వేల పురావస్తువులు దోపిడీ అయిన రోజుల్లో, అదే నగరంలో చమురు మంత్రిత్వ శాఖ భవనానికి మాత్రం అమెరికా ట్యాంకులు కాపలా ఉన్నాయి. ఏది ముఖ్యమో వాళ్లకు స్పష్టంగానే తెలుసు. బ్రిటన్ నియమించిన చిల్కాట్ విచారణ సంఘం 2016లో ఇచ్చిన నివేదిక కూడా, శాంతియుత మార్గాలన్నీ వాడి చూడకముందే యుద్ధానికి దిగారని, సద్దాం తర్వాతి పరిస్థితికి చేసిన సన్నాహాలు ఏమాత్రం సరిపోలేదని తేల్చింది. యుద్ధానికి కారణంగా చూపిన సామూహిక వినాశక ఆయుధాల నిల్వలు లేవని అమెరికా సొంత దర్యాప్తు బృందమే 2004లో చెప్పిన సంగతి అందరికీ తెలిసిందే.

జవాబుదారీ లేని చోట డబ్బు, తుపాకీ ఎలా ప్రవర్తిస్తాయో చూడండి. సహజ వనరులు, బ్యాంకులు వంటివి మినహా దాదాపు అన్ని రంగాల్లో విదేశీ కంపెనీలకు నూటికి నూరు శాతం యాజమాన్యాన్ని బ్రెమర్ 39వ ఉత్తర్వు కట్టబెట్టింది. ఒక దేశపు ఆర్థిక వ్యవస్థను తిరగరాసే ఇలాంటి నిర్ణయం ఎన్నికైన ప్రభుత్వం తీసుకుంటే చర్చించవచ్చు, ఓడించవచ్చు. నియమిత పాలకుడు తీసుకుంటే ఎవరిని అడగాలి? ఇరాక్ సొంత నిధి నుంచి ఇరాకీ మంత్రిత్వ శాఖలకిచ్చిన 880 కోట్ల డాలర్లకు సరైన లెక్కలు లేవని అమెరికా ప్రభుత్వం నియమించిన ప్రత్యేక తనిఖీ అధికారి 2005 జనవరిలో నివేదించారు. విదేశీ కాంట్రాక్టర్లకు ఇరాక్ చట్టాలు వర్తించవన్న 17వ ఉత్తర్వు మరీ ఘోరం. ఆ రక్షణ కిందే 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌ నిసూర్ కూడలిలో అమెరికా ప్రైవేటు భద్రతా సంస్థ బ్లాక్‌వాటర్ కాపలాదారులు 17 మంది పౌరులను కాల్చిచంపారు. ఏళ్ల విచారణ తర్వాత అమెరికా కోర్టు నలుగురికి శిక్ష వేసింది. 2020 డిసెంబరులో ట్రంప్ ఆ నలుగురికీ క్షమాభిక్ష పెట్టారు.

జర్మనీ, జపాన్‌ల మాటేమిటన్నది ఆక్రమణ సమర్థకుల బ్రహ్మాస్త్రం. అది బరువైన వాదనే కనుక జవాబు చెప్పాలి. ఆ రెండు దేశాలూ రెండో ప్రపంచ యుద్ధంలో దండయాత్రలకు దిగి, ఓడి, లాంఛనంగా లొంగిపోయిన రాజ్యాలు. జర్మనీ పాలనకు అమెరికా సైనికాధికారుల శిక్షణ 1942లోనే మొదలైంది. జపాన్‌లో అమెరికా జనరల్ మెకార్థర్ చక్రవర్తిని, ఉద్యోగ యంత్రాంగాన్ని అలాగే ఉంచి వారి ద్వారానే పాలించారు. అక్కడా సైన్యాన్ని రద్దు చేశారు కదా అనవచ్చు; ఆ పనిని పాత సైనిక మంత్రిత్వ శాఖలకే అప్పగించి, లక్షలమందిని క్రమంగా ఇళ్లకు చేర్చారు. అన్నిటికంటే ముఖ్యం, సోవియట్ యూనియన్‌కు ఎదురుగా ఆ దేశాలు బలంగా నిలబడటం అమెరికాకు అవసరమైంది. గెలిచినవారి స్వార్థం, ఓడినవారి మేలు ఒకే దారిలో నడిచిన అరుదైన సందర్భమది.

ఇక సద్దాం క్రూరత్వాన్ని తక్కువ చేసి చూపే ఉద్దేశం మాకు లేదు. 1988 మార్చిలో హలబ్జాలో విషవాయువుతో సుమారు ఐదు వేలమంది కుర్దులను చంపిన పాలన అది. అప్పట్లో అదే పాలనకు అమెరికా మిత్రదేశమన్న సంగతీ మరవకూడదు. 1983లో రేగన్ దూతగా సద్దాంతో కరచాలనం చేసిన రమ్స్‌ఫెల్డే 2003లో రక్షణ మంత్రి. కనీసం ప్రజాస్వామ్యమైనా వచ్చింది కదా అంటారా? అది బ్రెమర్ ఇచ్చినది కాదు. ఆయన మొదట అనుకున్నది తాము ఎంపిక చేసినవారితో రాజ్యాంగం రాయించాలని. ఎన్నికైనవారే రాయాలని 2003 జూన్‌లో నజఫ్ నుంచి షియా మతాచార్యుడు ఆయతుల్లా సిస్తానీ ఫత్వా ఇచ్చారు. 2004 జనవరిలో బస్రా, బాగ్దాద్ వీధుల్లోకి జనం పోటెత్తాక 2005 జనవరి ఎన్నికలు ఖాయమయ్యాయి. ఆక్రమణదారు వదిలివెళ్లింది మరొకటుంది. 2003 జులైలో నియమించిన పాలక మండలిలోని 25 మందిని షియాలు 13, సున్నీ అరబ్బులు 5, కుర్దులు 5, తుర్క్‌మెన్, అసీరియన్ ఒక్కొక్కరుగా పంచారు. మతం, జాతి లెక్కన పదవులు పంచుకునే ఆ పద్ధతి పార్టీల దోపిడీకి పునాది అయింది. దాన్ని రద్దు చేయమని 2019 అక్టోబరు నుంచి నెలల తరబడి వీధుల్లో నిలిచిన యువతలో వందలమంది తుపాకులకు బలయ్యారు.

ఇది మనకెందుకనుకునే వీలు లేదు. 1917లో బాగ్దాద్ గెలిచిన బ్రిటిష్ జనరల్ మాడ్, తాము విజేతలుగా కాదు, విమోచకులుగా వచ్చామని ప్రకటించినప్పుడు ఆయన సేనలో పెద్ద భాగం భారతీయులు. మూడేళ్లకు తిరుగుబాటు లేస్తే అణచడానికి పంపిందీ మనవాళ్లనే. 2003లో అమెరికా మళ్లీ అడిగింది. సుమారు 17 వేలమంది భారత సైనికులు కావాలంది. దండయాత్రను అప్పటికే పార్లమెంటు ఖండించింది. జులై 14న వాజపేయి ప్రభుత్వం పంపబోమని తేల్చింది. ఆ నిర్ణయం సరైనదే. చెప్పిన కారణం మాత్రం బలహీనమైనది: ఐరాస స్పష్టమైన ఆదేశం ఉంటే ఆలోచిస్తామన్నారు. మూడు నెలలకే, అక్టోబరు 16న, 1511వ తీర్మానంతో భద్రతా మండలి బహుళజాతి సేనకు అనుమతి ఇచ్చేసింది. అదృష్టవశాత్తూ మన సైన్యం అప్పుడూ కదల్లేదు. కదిలి ఉంటే ఫలూజాలోనో, నజఫ్‌లోనో మన జవాన్లు ఎవరి పక్షాన, ఎవరి మీద కాల్పులు జరిపేవారో ఊహించుకోవచ్చు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి లక్షలమంది పొట్ట చేతబట్టుకుని గల్ఫ్ దేశాలకు వెళ్లారు. అరబ్బు ప్రజల కళ్లలో భారతీయుడు ఆక్రమణదారు తోడుదొంగ అయితే మొదట నష్టపోయేది వారే.

అలాంటి పిలుపు మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. శాంతి స్థాపన, స్థిరత్వం, పునర్నిర్మాణం, ఏ పేరుతో వచ్చినా ఆ రోజు ప్రధాని ఇష్టాయిష్టాల మీదో, భద్రతా మండలి ముద్ర మీదో వదిలేసే విషయం కాదిది. ఆ దేశ ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం కోరితే తప్ప, మన పార్లమెంటు చర్చించి ఓటు వేస్తే తప్ప, యుద్ధంలో గెలిచినవారి కింద కాపలాకు ఒక్క భారత సైనికుడినీ పంపరాదన్న నియమాన్ని కేంద్ర ప్రభుత్వం ఇప్పుడే, ఏ ఒత్తిడీ లేని వేళ, చట్టంగా తేవాలి.