మా పిల్లల్ని లెక్కపెట్టేవాళ్లు బొగ్గునెందుకు లెక్కపెట్టరు?

జనం పెరిగిపోతున్నారట, భూమి మోయలేకపోతున్నదట. మాట ఇక్కడిదాకా మామూలుగానే ఉంటుంది. ఇంకో రెండు నిమిషాలు ఆగితే చూపుడు వేలు మెల్లగా మా గల్లీ వైపు తిరుగుతుంది. 'హమ్ పాంచ్, హమారే పచ్చీస్' అని ఓ నవ్వు. నవ్వేవాళ్లంతా మతోన్మాదులేం కాదు. మాతో కలిసి ఎర్రజెండా మోసినవాళ్లూ, ఈద్ నాడు మా ఇంట్లో షీర్‌ఖుర్మా తాగినవాళ్లూ వాళ్లలో ఉంటారు. అందుకే ఈ జవాబు వాళ్లకు కూడా.

ముందు ఆ ఎగతాళిలోని లెక్కే చూద్దాం. ఊళ్లో వంద మంది ఆడవాళ్లుంటే, వాళ్లను వంద మంది మగవాళ్లు చేసుకున్నా పాతిక మందే చేసుకున్నా, పిల్లలు పుట్టేది ఆ వంద మంది తల్లులకే. ఒకడు నలుగురిని చేసుకుంటే ముగ్గురు పెళ్లి లేకుండా మిగలాలి. బహుభార్యాత్వాన్ని మేము సమర్థించడం లేదు. అది మా ఆడవాళ్లకు జరిగే అన్యాయం, దాని మీద మా కొట్లాట మాకుంది. కానీ ఈపాటి కూడిక కూడా రానివాళ్లు దేశ జనాభా మీద ఉపన్యాసాలివ్వడమే విచిత్రం.

సర్కారు లెక్కలే తీయండి. 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, హిందూ స్త్రీకి 3.3. 2019-21 సర్వే నాటికి మాది 2.4కు దిగింది, వాళ్లది 1.9కి. తేడా ఇంకా ఉంది, దాచం. కానీ ఎక్కువ మెట్లు దిగింది మేమే. అదే సర్వేలో అన్ని మతాలూ కలిపి బీహార్ సగటు 3.0, తెలంగాణ సగటు 1.8. మతమే కారణమైతే బీహార్‌కూ తెలంగాణకూ ఇంత తేడా ఎట్లా వచ్చింది? ఇరాన్‌లో 1980ల మొదట్లో తల్లికి ఆరుగురికి పైగా పిల్లలు. 2000 నాటికి ఇద్దరు. అక్కడ ఖురాన్ మారలేదు. ఆడపిల్లలు బడికి పోయారు, ఊళ్లలోకి ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి.

ఇప్పుడు మా రామకృష్ణాపూర్ రండి. భూమికి బరువెవరో ఇక్కడ కళ్లతోనే చూడొచ్చు. 1990ల మొదట్లో సింగరేణి మొత్తంలో లక్షకు పైగా కార్మికులుండేవారు. బొగ్గు ఏడాదికి రెండు కోట్ల టన్నుల చుట్టుపక్కలే. 2023-24లో బొగ్గు 7 కోట్ల టన్నులు. పర్మినెంటు కార్మికులు 40 వేల చుట్టుపక్కల. మనిషి సగానికన్నా తగ్గిపోయాడు, తవ్వకం మూడింతలు దాటింది. తట్ట, చెమ్మాస్ పట్టిన చేతుల జాగాలో యంత్రాలొచ్చాయి, భూగర్భ బాయిల జాగాలో ఓపెన్‌కాస్టులొచ్చాయి. టన్ను బొగ్గు కోసం సగటున ఐదు ఘనపు మీటర్లకు పైగా మట్టి తవ్వి పోయాలి. ఎక్కడ పోస్తారు? ఊళ్ల పక్కనే. చెలకలున్న చోట గుట్టలు లేచాయి. కోల్‌బెల్టులో ఓపెన్‌కాస్టు పక్క ఊరివాణ్ని ఎవర్నైనా అడగండి, దుమ్ము గురించి, బ్లాస్టింగుకు అదిరే గోడల గురించి, అడుగంటిన బావుల గురించి చెప్తాడు. అడుగుతున్నాం, ఈ మట్టిగుట్టల్ని ఏ బీబీ కన్నది?

ఆ బొగ్గంతా మేమే కాల్చుకున్నామా? అది రామగుండంలో, జైపూర్‌లో కరెంటవుతుంది. ఆ కరెంటు పెద్ద పట్నాల ఏసీ గదుల్లోకి, ఫ్యాక్టరీల్లోకి పోతుంది. రేకుల ఇంట్లో ఒక ఫ్యాను కింద ఆరుగురు పడుకుంటే అది 'జనాభా సమస్య'. నాలుగు ఏసీల కింద ముగ్గురు పడుకుంటే 'అభివృద్ధి'. ప్రపంచం లెక్క కూడా ఇదే. సగటు భారతీయుడి వల్ల ఏడాదికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది, అమెరికావాడి వల్ల సుమారు 14 టన్నులు. అంటే వాళ్ల ఇంట్లో ఒక్కరు మన ఏడుగురికి సమానం. రాబోయే తరాల అవసరాలకు గండికొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో బ్రుంట్‌లాండ్ కమిషన్ చెప్పింది. ఆ రాబోయే తరాల్లో పంక్చర్ షాపువాడి కొడుకు లేడా? అతను పుట్టకముందే బరువెట్లా అయ్యాడు?

ఈ 'బరువు' మాట ఎంతదాకా పోతుందో ఎమర్జెన్సీలో చూశాం. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. కత్తి కింద పడింది ఎక్కువగా పేదవాళ్లే. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఎదురు తిరిగినవాళ్ల మీద తూటాలు కురిశాయి.

మా ఇంటివాళ్లతో కూడా ఒక మాట. సంతాన నియంత్రణ హరామని మైకుల్లో చెప్పే పెద్దలు ఇమామ్ గజాలీని చదవాలి. తొమ్మిది వందల ఏళ్ల కిందటే ఆయన అజ్ల్‌ను, అంటే గర్భం రాకుండా జాగ్రత్తపడడాన్ని, నిషిద్ధం కాదన్నాడు. ఎంతమందిని కనాలో సర్కారు చెప్పొద్దు, మసీదు కూడా చెప్పొద్దు. మోసేది ఆమె, చెప్పాల్సింది ఆమే.

ఇప్పుడు గాలి ఎటు మళ్లిందో చూడండి. ఇద్దరిని మించి కంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారని 1994లో చట్టం చేశారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను ఎత్తేసింది. అక్కడి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అదే ఏడాది ఎక్కువమందిని కనమని బహిరంగంగానే పిలుపునిచ్చారు. ముసలివాళ్లు పెరుగుతున్నారట. జనం తగ్గితే దక్షిణాదికి లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న భయం కూడా ఉంది. మరి ఇన్నేళ్లూ భూమి మోయలేని బిడ్డ రాత్రికి రాత్రే సంపద ఎట్లా అయ్యాడు? అంటే లెక్క భూమిది కాదు, కుర్చీది. అందులోనూ ఎవరి బిడ్డ సంపదో ఎవరి బిడ్డ బరువో వాళ్లే తేలుస్తారు.

లెక్కలంటే మాకు భయం లేదు. మా పిల్లల్ని లెక్కపెట్టండి. బడి మధ్యలో మానినవాళ్లెందరో, కాంట్రాక్టు పనిలో సగం కూలికి నలుగుతున్నవాళ్లెందరో, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలెందరో కూడా రాయండి. పక్క పేజీలో తవ్విన బొగ్గు, పోసిన మట్టి, పోయిన చెలకలు, పూడ్చకుండా వదిలిన గుంతలు రాయండి. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివాక, భూమికి బరువెవరో అప్పుడు మాట్లాడుకుందాం.